కాటు స్ప్లింటు: నాలుగు తయారీ పద్ధతులు, ఒకే డిజైను (ప్రాజెక్టు డైరీ)

నిద్రలో పళ్లు కొరికేవారికి, దవడ కండరాల నొప్పితో వచ్చేవారికి ఇచ్చే గట్టి కాటు స్ప్లింటును (పళ్లపై తొడుక్కునే ప్లాస్టిక్ తొడుగును) ఇప్పుడు నాలుగు దారుల్లో తయారు చేయవచ్చు. మైనంతో మలిచి ఫ్లాస్కులో (రెండు సగాలుగా విడిపోయే అచ్చుపెట్టెలో) ఆక్రిలిక్ ఉడికించడం (హీట్ క్యూర్), వేడి చేసిన షీటును మోడల్‌పై ఒత్తిడితో దించడం, ముందే గట్టిపడిన ఆక్రిలిక్ డిస్కును యంత్రంతో చెక్కడం, ద్రవ రెజిన్‌ను కాంతితో పొర మీద పొరగా గట్టిపరచడం. ఈ నాలుగింటిలో ధరించేవారికి ఏది సుఖంగా ఉంటుందో తేల్చడమే ఈ పని. ఇంకెవరైనా ఇదే పోలికకు దిగితే కొలతలు, చెడిపోయిన చోట్లు, మార్చిన సెట్టింగులు పనికివస్తాయని వరుసగా రాస్తున్నాము. పని చేసింది ఒక దంతవైద్యుడు, ఒక ల్యాబ్ టెక్నీషియన్.

స్ప్లింటు పళ్లు కొరకడాన్ని నయం చేస్తుందని మేము అనుకోవడం లేదు. 2018 నాటి అంతర్జాతీయ ఏకాభిప్రాయ పత్రం, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్నవారిలో పళ్లు కొరకడాన్ని వ్యాధిగా కాక, కొన్ని నష్టాలకు దారితీయగల కండరాల ప్రవర్తనగా చూడమంది. స్ప్లింటు పని పంటిని కాపాడటం, భారాన్ని సమంగా పంచడం. అందుకు అది ప్రతి రాత్రీ నోట్లో ఉండాలి, ఉండాలంటే ఇబ్బంది పెట్టకూడదు.

దశ 1: మారకూడనివి, కొలవవలసినవి

ఇలాంటి పోలికలు చాలావరకు ఒకే చోట దెబ్బతింటాయి. పద్ధతి మారినప్పుడల్లా డిజైను కూడా మారిపోతుంది. చేతితో మైనం వేసిన స్ప్లింటు మందంగా, అంచు పొడవుగా వస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో గీసినది పలచగా, అంచు పొట్టిగా వస్తుంది. ధరించినవారు రెండోది హాయిగా ఉందంటే, ఆ మెచ్చుకోలు యంత్రానికి చెందుతుందా, పొట్టి అంచుకు చెందుతుందా అన్నది ఎవరూ చెప్పలేరు. అందుచేత ముందుగా డిజైనును స్థిరపరిచాము.

1. పై దవడకు, పళ్లన్నిటినీ కప్పే గట్టి స్ప్లింటు. కింది పళ్లన్నీ ఒకేసారి చదునైన తలానికి ఆనాలి. దవడ పక్కకు జరిగినప్పుడు కోరపళ్ల దగ్గరి వాలు మాత్రమే తగలాలి, వెనుక పళ్లు విడిపోవాలి.
2. మొదటి మోలార్ (వెనుకనుండే పెద్ద నమిలే పన్ను) నడిమి గుంట వద్ద మందం 2 మి.మీ., మిగతా చోట్ల కనీసం 1.5 మి.మీ. కోరపంటి వాలు వద్ద మాత్రం 4.5 మి.మీ. వరకు వెళ్లింది.
3. బయటివైపు అంచు పంటి ఉబ్బు దాటి 1 మి.మీ. చిగురువైపుకు మాత్రమే ఉంటుంది. అంగిలివైపు అంచు చిగురు మీదికి 3 మి.మీ. వెళ్లి, నాలుక తగిలేచోట పలచబడుతుంది.
4. టైప్ 4 స్టోన్ (గట్టి దంత ప్లాస్టర్) మోడల్‌పై అండర్‌కట్లను (పంటి ఉబ్బు దాటాక లోపలికి వంగిన చోట్లను) సర్వేయర్ (వాటిని గుర్తించే పరికరం) సాయంతో మైనం వేసి మూశాము. ఆ మూసిన మోడల్‌నే స్కాన్ చేశాము. దీనివల్ల చేతి పద్ధతులకూ యంత్ర పద్ధతులకూ పట్టు ఒకే చోట మొదలవుతుంది.
5. సాఫ్ట్‌వేర్ డిజైను ప్రకారం చెక్కిన మొదటి ముక్కపై పుట్టీ సిలికాన్‌తో అచ్చు తీశాము. హీట్ క్యూర్‌కు కావలసిన మైనాన్నీ, షీటుపై వేసే ఆక్రిలిక్‌నూ అదే అచ్చులో పోశాము. చేతివాటం తేడాను తగ్గించింది ఈ అచ్చే. దీన్ని వదిలేస్తే పోలికకు అర్థం ఉండదు.

కొలతలు ఐదు పెట్టుకున్నాము.

1. అడ్డ దూరం: రెండు రెండవ మోలార్ల బయటి తలాలపై డిజైనులోనే చిన్న గుంటలు పెట్టాము. వాటి మధ్య దూరం 62.00 మి.మీ. ఉండాలి. డిజిటల్ కాలిపర్‌తో కొలిచాము. కాలిపర్ 0.01 చూపించినా చేతి ఒత్తిడి వల్ల 0.03 మి.మీ. వరకు అటూ ఇటూ వస్తుంది కనుక, అంతకన్నా చిన్న తేడాలకు విలువ ఇవ్వలేదు.
2. లోపలి ఖాళీ: స్ప్లింటులో పలచని సిలికాన్ నింపి, మోడల్‌పై కూర్చోబెట్టి, 5 కిలోల బరువు పెట్టి గట్టిపడనిచ్చాము. ఆ పొరను కోసి, మోలార్ గుంట వద్ద, ముందుపంటి కొన వద్ద, అంగిలివైపు గోడ వద్ద భూతద్దపు స్కేలుతో మందం చూశాము.
3. ఊగుడు: ఒకవైపు మోలార్‌పై వేలితో నొక్కినప్పుడు రెండోవైపు 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు చూసే పలచని లోహపు రేకు) దూరుతుందా, లేదా.
4. పట్టు: రెండువైపులా దారం కట్టి, డిజిటల్ వేలాడే త్రాసుతో పైకి లాగినప్పుడు ఊడి వచ్చే బలం.
5. చేతిపని సమయం: యంత్రం దానంతట అది నడిచే సమయాన్ని విడిగా రాశాము.

దశ 2: హీట్ క్యూర్ ఆక్రిలిక్

1. మైనపు స్ప్లింటును మోడల్‌తో సహా ఫ్లాస్కులో ప్లాస్టర్‌తో బిగించడం.
2. వేడినీటితో మైనం కరిగించి, సెపరేటింగ్ మీడియం (ప్లాస్టర్‌కు ఆక్రిలిక్ అంటకుండా చేసే ద్రవం) రెండు పూతలు వేయడం.
3. ఆక్రిలిక్ పొడి, ద్రవం (మోనోమర్) పరిమాణంలో 3:1 పాళ్లలో కలిపి, ముద్ద వేళ్లకు అంటని దశకు వచ్చాక నింపడం.
4. ప్రెస్‌లో బిగించి నీటి తొట్టిలో ఉడికించడం.

మొదటి ముక్కలో కోరపంటి వాలు లోపల సూదిమొన అంతటి బుడగలు వచ్చాయి. పలచని చోట ఒక్కటి కూడా లేదు. కారణం తెలిసినదే. మోనోమర్ 100.8 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఆక్రిలిక్ గట్టిపడేటప్పుడు తానే వేడిని పుట్టిస్తుంది, మందమైన చోట ఆ వేడి బయటికి పోలేక లోపలి ఉష్ణోగ్రత తొట్టిలోని నీటికన్నా పైకి వెళుతుంది. తొట్టిని త్వరగా మరిగించే చిన్న క్రమం 2 మి.మీ. మందానికి సరిపోయింది కానీ 4.5 మి.మీ.కి సరిపోలేదు. 74 డిగ్రీల వద్ద 8 గంటలు, ఆపై 100 డిగ్రీల వద్ద 1 గంట అనే పొడవైన క్రమానికి మారాక బుడగలు పోయాయి.

రెండో చిక్కు కాటు ఎత్తు. ఆర్టికులేటర్‌కు (దవడల కదలికను అనుకరించే పరికరానికి) తిరిగి ఎక్కించినప్పుడు దాని ఎత్తు చూపే పిన్ను 0.6 మి.మీ. లేచి ఉంది. ఫ్లాస్కు రెండు సగాల మధ్య పలచని ఆక్రిలిక్ పొర మిగిలిపోవడమే ఇందుకు కారణం. పాలిథీన్ షీటు మధ్యలో పెట్టి బిగించి, తెరిచి, బయటికి వచ్చిన అదనపు ముద్దను కోసి, మళ్లీ బిగించే పనిని ఏ అదనమూ రానంతవరకు కొనసాగించాము. అప్పటినుంచి పిన్ను లేవడం 0.2 మి.మీ. దగ్గర ఆగింది. ఆ మిగిలినదాన్ని ఆర్టికులేటర్‌పైనే అరగదీశాము.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఫ్లాస్కులోంచి తీసి, మోడల్‌నుంచి విడదీసిన వెంటనే అడ్డ దూరం 62.00కు బదులు 61.78 మి.మీ. ఉంది. దీన్ని కాగితంపై ముందే లెక్కగట్టవచ్చు. ఆక్రిలిక్ వ్యాకోచ గుణకం డిగ్రీకి మిలియన్‌కు సుమారు 75 భాగాలు. 74 నుంచి 22 డిగ్రీలకు, అంటే 52 డిగ్రీలు చల్లబడితే 0.39 శాతం కుంచించుకుపోవాలి. 62 మి.మీ.లో అది 0.24 మి.మీ. మా కొలత 0.22. మోడల్‌పై ఉన్నంతసేపు ఆ కుదింపు లోపల ఒత్తిడిగా దాగి ఉండి, విడదీయగానే బయటపడుతుంది. అంగిలి అంతా కప్పే కట్టుడుపళ్ల సెట్టులో మధ్యనున్న పలక కొంత అడ్డుకుంటుంది. గుర్రపునాడా ఆకారపు స్ప్లింటుకు అలాంటి అడ్డు లేదు, రెండు కాళ్లూ లోపలికి వంగుతాయి.

ఇక్కడ నీరు కొంత సాయం చేస్తుంది. ఆక్రిలిక్ తన బరువులో 1 శాతం నీరు పీల్చితే నిడివిలో సుమారు 0.23 శాతం పెరుగుతుంది. వారంపాటు నీటిలో ఉంచాక దూరం 61.88కి వచ్చింది. ఇలా నానబెట్టడం వల్ల మిగిలిన మోనోమర్ కొంత బయటికి పోవడం అదనపు లాభం. కట్టుడుపళ్ల ఆక్రిలిక్‌లో మిగిలే మోనోమర్‌కు ఐఎస్ఓ 20795-1 అనే అంతర్జాతీయ ప్రమాణం పెట్టిన హద్దు హీట్ క్యూర్‌లో 2.2 శాతం, కోల్డ్ క్యూర్‌లో (ఉడికించకుండా గట్టిపడే రకంలో) 4.5 శాతం. నానబెట్టకుండా స్ప్లింటు చేతికివ్వడం రెండు విధాలా నష్టమే.

మార్చినవి: ఫ్లాస్కును బల్లపైనే గది ఉష్ణోగ్రతకు చల్లారనివ్వడం. మోడల్‌నుంచి విడదీయకముందే ఆర్టికులేటర్‌పై కాటు సరిచేయడం. ప్యూమిస్‌తో (మెరుగుపెట్టే రాతిపొడితో) మెరుగుపెట్టేటప్పుడు ముక్కను తడిగా ఉంచడం, ఎందుకంటే పొడి చక్రం కింద పలచని అంచు వేడెక్కి వంగుతుంది.

*నడుస్తున్న లెక్క (సరిగా వచ్చిన ముక్కకు మాత్రమే):* చేతిపని 150 నిమిషాలు. స్ప్లింటు బరువు 12.1 గ్రా. వృథా ఆక్రిలిక్ 9 గ్రా.

దశ 3: షీటును దించడం

ఇది త్వరగా ముగిసిన దశ. ఆక్రిలిక్‌తో అతుక్కునే రకం 2 మి.మీ. గట్టి షీటును వేడిచేసి, గాలి ఒత్తిడితో మోడల్‌పై దించి, సిలికాన్ అచ్చులో కోల్డ్ క్యూర్ ఆక్రిలిక్ పోసి కాటు తలం కట్టాము. ఆ తలాన్ని ప్రెషర్ పాట్‌లో, గోరువెచ్చని నీటిలో, 2 బార్ ఒత్తిడి కింద గట్టిపరిచాము. ఒత్తిడి లేకుండా బల్లపై గట్టిపరిచిన ముక్క పాలరంగు తిరిగి, గీకితే పొడి రాలింది.

మెత్తని షీటును ఈ పోలికలోకి తేలేదు. 1987లో దంతవైద్య పరిశోధకుడు ఓకేసన్ ప్రచురించిన చిన్న అధ్యయనంలో 10 మందిలో 8 మందికి గట్టి స్ప్లింటుతో రాత్రి కండరాల చర్య తగ్గింది, మెత్తనిదానితో 5 మందికి పెరిగింది. 10 మందితో ఏదీ రుజువు కాదు. అయినా మెత్తనిదాన్ని అరగదీసి కాటు సమం చేయడం కష్టమన్న సంగతి చైర్ దగ్గర పనిచేసే ఎవరికైనా తెలిసినదే.

చెడినది ఒక్కటే. షీటు సాగేచోట, అంటే ముందుపళ్ల కొనల మీద, 2 మి.మీ. షీటు 0.9 మి.మీ.కి పలచబడింది. పైన ఆక్రిలిక్ పడనిచోట అది పటుక్కున చీలింది. మోడల్‌ను యంత్రం గుళికల్లో లోతుగా పాతి, పళ్లు మాత్రమే పైకి కనిపించేలా ఉంచితే సాగుడు తగ్గి 1.2 మి.మీ. మిగిలింది. షీటు కింద వేసే 0.1 మి.మీ. వేరుచేసే పొర వల్ల లోపలి ఖాళీ అన్నిచోట్లా దాదాపు సమంగా వచ్చింది. ఈ విషయం తర్వాత అక్కరకొచ్చింది. అడ్డ దూరం 61.93 మి.మీ.

*నడుస్తున్న లెక్క:* చేతిపని 65 నిమిషాలు, మొత్తం 215. స్ప్లింటు బరువు 10.4 గ్రా.

దశ 4: డిస్కునుంచి చెక్కడం (మిల్లింగు)

డిస్కు వ్యాసం 98 మి.మీ., మందం 20 మి.మీ. దాని ఘనపరిమాణం 151 ఘన సెం.మీ.కు కొద్దిగా తక్కువ, సాంద్రత 1.18 అనుకుంటే బరువు 178 గ్రా. ఒక డిస్కులో రెండు స్ప్లింట్లు పట్టాయి, వాటి బరువు కలిపి 22 గ్రా. మిగిలిన 156 గ్రా. చట్రంగానూ, పొట్టుగానూ పోయింది. ఈ పద్ధతిని శుభ్రమైనదని పొగిడేవారు దుమ్ము పీల్చే యంత్రం సంచిని ఒకసారి తూచి చూడాలి.

డిస్కు కర్మాగారంలోనే పూర్తిగా గట్టిపడి వస్తుంది కనుక చెక్కాక కుదింపు ఉండదు. అడ్డ దూరం 61.98 మి.మీ., అంటే కాలిపర్ తేడాలోపే. అయినా మొదటి ముక్క మోడల్‌పై పూర్తిగా కూర్చోలేదు. మోలార్ల వద్ద సిలికాన్ పొర 0.30 మి.మీ. మందం ఉంది, ముందుపంటి కొనల వద్ద దాదాపు పొరే లేదు. అంటే ముందుపళ్లు లోపల అడుగుకు తగిలి, వెనుకభాగాన్ని పైకి ఎత్తిపట్టాయి.

కారణం బర్ (చెక్కే పనిముట్టు) వ్యాసం. చివరి చెక్కుడుకు వాడినది 1 మి.మీ. గుండ్రని బర్. దాని మొన వ్యాసార్ధం 0.5 మి.మీ. అరిగి పదునెక్కిన ముందుపంటి కొన అంతకన్నా సన్నంగా ఉంటే, ఆ కొనకు ఎదురైన గాడిని ఆ బర్ చెక్కలేదు. సాఫ్ట్‌వేర్‌లో పనిముట్టు వ్యాసార్ధపు సవరణను ఆన్ చేస్తే, బర్ దూరలేని గాడులను అది ముందుగానే వెడల్పు చేస్తుంది. అప్పుడు ముక్క కూర్చుంటుంది, కానీ ముందుపళ్ల కొనల వద్ద 0.35 మి.మీ. ఖాళీ వస్తుంది. పట్టు మోలార్ల గోడలనుంచి వస్తోంది కనుక ఆ ఖాళీని అలాగే వదిలేశాము. 0.6 మి.మీ. బర్‌తో ఖాళీ 0.2కి తగ్గింది కానీ యంత్ర సమయం బాగా పెరిగింది, సన్నని బర్‌కు కరిగిన ఆక్రిలిక్ అంటుకుని ఒకసారి విరిగింది. ఇంత చిన్న లాభానికి ఆ శ్రమ తగదని 1 మి.మీ. బర్‌కే తిరిగి వచ్చాము.

1. డిస్కులో అమర్చేటప్పుడు స్ప్లింటు లోపలివైపు తలాలన్నీ బర్‌కు కనిపిస్తున్నాయో లేదో సాఫ్ట్‌వేర్‌లో రంగుల పటంతో చూడాలి.
2. చట్రానికి పట్టి ఉంచే కొక్కేలను బయటి తలంపై, అంచుకు దూరంగా పెట్టాలి. అంచుమీద పెడితే కోసినచోట పెదవికి తగిలే గరుకు మిగులుతుంది.
3. కోసేటప్పుడు ఒకవైపు కొక్కేలన్నీ ముందే తెంపకుండా, ఎదురెదురుగా ఒక్కొక్కటీ తెంపాలి.

*నడుస్తున్న లెక్క:* చేతిపని 30 నిమిషాలు, మొత్తం 245. స్ప్లింటు బరువు 11 గ్రా. డిజైనుకు పట్టిన సమయం అన్నిటికీ ఉమ్మడి కనుక దీనిలో కలపలేదు.

దశ 5: ప్రింటింగు

అన్నిటికన్నా ఎక్కువ ముక్కలు చెడినది ఇక్కడే. నేర్చుకోవలసినదీ ఇక్కడే ఎక్కువ, అందుకే పొడవుగా రాస్తున్నాము.

*అమరిక.* మొదట స్ప్లింటును పడుకోబెట్టి ప్రింట్ చేశాము, ఎందుకంటే పొరల సంఖ్య తక్కువ, సమయం తక్కువ. లోపలి గుంటలు తొట్టి అడుగువైపు తెరుచుకుని ఉన్నాయి. రెండు గోడలూ కలిసి మూసుకున్న తొట్టిలా మారి, ప్రతి పొర పైకి లేచేటప్పుడు చూషకంలా లాగాయి. గోడలపై అడ్డంగా గీతలు పడ్డాయి. అంతేగాక, కాంతి ఒక పొర మందం దాటి లోపలికి కూడా కొంత చొచ్చుకుపోతుంది కనుక, గుంటల అడుగున ఉండకూడని రెజిన్ గట్టిపడి, మోలార్ గుంట వద్ద ముక్క కూర్చోకుండా అడ్డుపడింది. 60 డిగ్రీల వాలుకు మార్చాక రెండూ తగ్గాయి. సమయం పెరిగింది కానీ అది యంత్ర సమయం. పొర మందం 100 మైక్రాన్లనుంచి 50కి తగ్గిస్తే తేడా లోపలి తలంపై కనిపించింది. ధరించేవారికి తెలిసేంత కాదు.

*ఊతలు.* ఊతలు (ప్రింటవుతుండగా ముక్కను పట్టి నిలిపే సన్నని కడ్డీలు) బయటి తలంపైనే ఉండాలి. లోపలి తలంపై ఒక్క ఊత మొండి మిగిలినా స్ప్లింటు ఊగుతుంది. నాలుక తగిలే అంగిలివైపు అంచునుంచి కూడా వాటిని తొలగించి, బుగ్గవైపుకు జరిపాము.

*కడగడం.* ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగిన మొదటి ముక్కలు చూడటానికి శుభ్రంగానే ఉన్నాయి. కానీ గుంటల్లో పలచని రెజిన్ పొర మిగిలి, క్యూరింగు పెట్టెలో గట్టిపడి, సిలికాన్ పొరలో చుక్కచుక్కలుగా తగులుడు చూపింది. ఎక్కువసేపు నానబెడితే పోతుందని చూస్తే ముక్క తెల్లబారి, అంచున వెంట్రుకవాసి పగుళ్లు వచ్చాయి. చివరికి నిలిచిన క్రమం ఇది:

1. వాడిన ఆల్కహాల్‌లో 3 నిమిషాలు.
2. మెత్తని కుంచెతో ప్రతి గుంటలోనూ తుడవడం.
3. తాజా ఆల్కహాల్‌లో 2 నిమిషాలు.
4. గాలి గొట్టంతో ఆరబెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడటం. తళతళలాడే చోటు కనిపిస్తే అది ఇంకా రెజిన్, మళ్లీ కుంచె.

గట్టిపడని రెజిన్ చర్మానికి అలర్జీ తెస్తుంది. నైట్రైల్ చేతితొడుగులు లేకుండా ఈ పని చేయరాదు.

*క్యూరింగు.* ఊతలు తీసేసి 60 డిగ్రీల పెట్టెలో పెట్టిన ముక్క అడ్డ దూరం 61.71 మి.మీ.కి పడిపోయింది. హీట్ క్యూర్ ముక్కకన్నా అధ్వాన్నం. రెజిన్ చివరి దశ గట్టిపడటంలోనూ కుంచించుకుపోతుంది, పైగా ఆ వేడికి ఇంకా పూర్తిగా గట్టిపడని గుర్రపునాడా కాళ్లు లోపలికి వాలిపోతాయి. డిజైనులోనే రెండు మోలార్ల మధ్య 3 మి.మీ. అడ్డకడ్డీ పెట్టి, ఊతలతో సహా క్యూర్ చేసి, చల్లారాక కడ్డీని కోశాము. దూరం 61.94కి వచ్చింది. ఈ ప్రాజెక్టు మొత్తంలో ఒక్క మార్పుతో ఇంత లాభం ఇంకెక్కడా రాలేదు.

గాలిలోని ఆక్సిజన్ పై పొరను జిగటగా ఉంచుతుంది. నైట్రోజన్ పెట్టె లేనందున చివరి విడతలో ముక్కను గ్లిసరిన్‌లో ముంచి కాంతి ఇచ్చాము. అప్పుడు వేలికి తగిలే జిగట పోయింది, రెజిన్ వాసన కూడా తగ్గింది. రెజిన్ తయారీదారు చెప్పిన సమయంకన్నా ఎక్కువసేపు కాంతి ఇస్తే మరింత గట్టిపడుతుందేమో అనిపిస్తుంది కానీ, మాకు కనిపించింది పసుపు రంగు మాత్రమే.

*నడుస్తున్న లెక్క:* చేతిపని 40 నిమిషాలు, మొత్తం 285. స్ప్లింటు 11 గ్రా., ఊతలూ కడ్డీ కలిపి 5 గ్రా.

దశ 6: ఖాళీని పద్ధతికి తగినట్టు దిద్దడం

మొదటి విడతలో సాఫ్ట్‌వేర్ ఆఫ్‌సెట్ (పంటికీ స్ప్లింటుకూ మధ్య డిజైనులో వదిలే ఖాళీ) రెండు యంత్ర పద్ధతులకూ 0.08 మి.మీ. పెట్టాము. డిజైను ఒకటే కనుక ఆఫ్‌సెట్ కూడా ఒకటే ఉండటం న్యాయమనిపిస్తుంది. ఫలితాలు వేరుగా చెప్పాయి. ఊడదీసే బలం హీట్ క్యూర్‌కు 19 న్యూటన్లు, ప్రింటింగుకు 17, షీటుకు 9, మిల్లింగుకు 8. అంటే ఒకే డిజైను నాలుగు వేర్వేరు బిగువుల్లో బయటికి వచ్చింది. ఈ ముక్కలను అలాగే నోట్లో పెట్టి ఏది హాయిగా ఉందని అడిగితే, జవాబు బిగువు గురించే వచ్చేది, దాన్ని మేము పద్ధతి ఖాతాలో వేసుకునేవాళ్లం.

సమానంగా ఉండవలసినది ఫైలులోని అంకె కాదు, చేతికి వచ్చిన ముక్కలోని ఖాళీ. 8 నుంచి 10 న్యూటన్లను లక్ష్యంగా పెట్టుకుని ఇలా మార్చాము:

1. మిల్లింగు: ఆఫ్‌సెట్ 0.08 అలాగే.
2. ప్రింటింగు: ఆఫ్‌సెట్ 0.13. ఇంకా పెంచి 0.18 చేస్తే బిగువు 4 న్యూటన్లకు పడి, ఫీలర్ గేజ్ దూరింది.
3. షీటు: 0.1 మి.మీ. పొర అలాగే.
4. హీట్ క్యూర్: మోడల్‌పై మోలార్ల బయటి, లోపలి గోడలకు డై స్పేసర్ (ఖాళీ మిగిల్చేందుకు పూసే ద్రవం) రెండు పూతలు, వారం నానబెట్టడం. ఆ తర్వాత కూడా 12 న్యూటన్లు ఉన్నందున, ఒత్తిడి చూపే పేస్టు పూసి, తగిలిన చోట లోపలినుంచి కొద్దిగా అరగదీశాము.

ఆ తర్వాత నాలుగింటికీ ఫీలర్ గేజ్ దూరలేదు. ఈ సవరణకు పట్టిన అదనపు చేతిపని హీట్ క్యూర్‌కు 25 నిమిషాలు, మిగతా మూడింటికీ లేదు. మొత్తం 310 నిమిషాలు.

దశ 7: నోట్లో

నైతిక సమితి అనుమతి, రాతపూర్వక సమ్మతి తీసుకున్నాక, అంతకుముందే స్ప్లింటు అవసరమని తేలిన ఆరుగురు పెద్దవారు నాలుగు రకాలనూ ఒక్కొక్కటి రెండేసి వారాలు రాత్రిళ్లు ధరించారు. వరుసను చీట్లు తీసి నిర్ణయించాము. ఏది ఏ పద్ధతిదో వారికి చెప్పలేదు. అన్నిటినీ ఒకే ప్యూమిస్, ఒకే పేస్టుతో మెరుగుపెట్టాము. కరుకుదనం 0.2 మైక్రాన్లకన్నా తగ్గితే సూక్ష్మజీవుల పొర అంటుకోవడంలో ఇంకా తగ్గుదల ఉండదన్నది తెలిసిన హద్దు, మెరుపుకు మేము పెట్టుకున్న గురి అదే. ఇబ్బందిని 100 మి.మీ. గీతపై గుర్తు పెట్టమన్నాము. సున్నా అంటే స్ప్లింటు ఉందనే తెలియకపోవడం.

మొదట చైర్ సమయం, అంటే నోట్లో కాటు సరిచేయడానికి పట్టినది. 40 మైక్రాన్ల రంగు కాగితంతో చుక్కలు చూసి, 8 మైక్రాన్ల రేకును ప్రతి వెనుక పన్నూ పట్టి ఆపేవరకు అరగదీశాము. సగటున మిల్లింగుకు 8 నిమిషాలు, ప్రింటింగుకు 9, షీటుకు 19, హీట్ క్యూర్‌కు 22. అడ్డకడ్డీ లేకుండా చేసిన ప్రింటు ముక్కను ఒకరికి పరీక్షగా సరిచేసి చూస్తే 17 పట్టింది. పళ్ల మధ్య 20 మైక్రాన్ల పొర ఉన్నా చాలామందికి తెలుస్తుంది కనుక, ఇక్కడ నిమిషాలు ఆదా చేయబోతే ఇబ్బంది ఆ రాత్రికే మొదలవుతుంది.

ఇక సుఖం. ఒకే వ్యక్తి గీతలను పక్కపక్కన పెట్టి చూస్తే, మిల్లింగు, ప్రింటింగు గుర్తుల మధ్య తేడా ఆరుగురిలోనూ 10 మి.మీ.కి లోపే ఉంది. ఏది మేలన్న విషయంలో ముగ్గురు ఒకవైపు, ముగ్గురు మరోవైపు. బిగువు, అంచు, మందం సమం చేశాక ఈ రెండు యంత్రాల మధ్య నాలుకకు తెలిసే తేడా మాకు దొరకలేదు. ఆరుగురితో ఇంతకన్నా గట్టిగా చెప్పకూడదు.

హీట్ క్యూర్ ముక్కకు మొదటి మూడు నాలుగు రాత్రులు గుర్తులు ఎక్కువగా ఉండి, రెండో వారంలో మిగతావాటితో కలిశాయి. "పెట్టుకోగానే వెనుక పళ్లను లోపలికి లాగుతున్నట్టుంటుందండీ, కాసేపటికి పోతుంది" అని ఒకరు అన్నారు. కుదింపులో మిగిలిన భాగం అలాగే తెలుస్తుంది. షీటు ముక్క తేలిక అని ఇద్దరు మెచ్చుకున్నారు, అయితే ఇద్దరికి కోల్డ్ క్యూర్ రుచి మొదటివారం తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత దాన్నీ నానబెట్టే ఇవ్వడం మొదలుపెట్టాము.

పద్ధతితో సంబంధం లేకుండా నాలుగింటిపైనా వచ్చిన ఫిర్యాదులు రెండు. ఒకటి, పై పెదవి వెనుక కోరపంటి వాలు మందం. రెండోది, అంగిలివైపు అంచు మొన నాలుకకు తగలడం. రెండూ మేము గీసిన డిజైనులోనివే. వాలును 4.5నుంచి 3.8 మి.మీ.కి తగ్గించి, అంగిలివైపు అంచును 3నుంచి 2 మి.మీ.కి కుదించి, ఒకే పద్ధతిలో, అంటే ప్రింటింగులో, మళ్లీ ఇచ్చినప్పుడు గీతలపై గుర్తులు ఐదుగురికి కిందికి దిగాయి. ఆ దిగడం పద్ధతుల మధ్య చూసిన ఏ తేడాకన్నా పెద్దది.

దశ 8: అరుగుదల

ధరించిన ముక్కలను తిరిగి స్కాన్ చేసి, ఇచ్చిననాటి స్కాన్‌తో పోల్చాము. రెండు వారాలు చాలా తక్కువ కాలమే. అయినా బాగా కొరికే ఒకరి విషయంలో మోలార్ల దగ్గర షీటుపై వేసిన కోల్డ్ క్యూర్ తలం, ప్రింటు తలం రెండూ మిల్లింగు ముక్కకన్నా లోతైన మచ్చలు చూపాయి. హీట్ క్యూర్ మిల్లింగుకు దగ్గరగా ఉంది. ప్రింటింగు రెజిన్ల గట్టిదనం రెజిన్‌నుబట్టి, క్యూరింగునుబట్టి బాగా మారుతుంది కనుక, ఈ మాట మేము వాడిన రెజిన్‌కే వర్తిస్తుంది.

అందుచేత ఇప్పుడు ఆర్డరు ఫారంలో ఇలా మార్చుకున్నాము:

1. పాత స్ప్లింటుకు రంధ్రం పడేలా కొరికినవారికి, లేదా పళ్లు చదునుగా అరిగినవారికి: మిల్లింగు, ఆఫ్‌సెట్ 0.08, మోలార్ వద్ద 2 మి.మీ.
2. మిగతావారికి: ప్రింటింగు, 60 డిగ్రీల వాలు, అడ్డకడ్డీ తప్పనిసరి, ఆఫ్‌సెట్ 0.13, మోలార్ వద్ద 2.3 మి.మీ. ఫైలు దగ్గరే ఉంటుంది కనుక అరిగితే మళ్లీ ప్రింటు చేయడానికి కొత్త కొలత అక్కర్లేదు, అయితే ఈలోగా కొత్త ఫిల్లింగు గానీ క్రౌను గానీ పడలేదని చూసుకోవాలి.
3. యంత్రం ఆగిన రోజుకు: షీటు, నానబెట్టాకే చేతికివ్వాలి.
4. హీట్ క్యూర్: స్కాన్‌కు వీలుకాని నోళ్లకు, మోడల్‌పై ఆర్టికులేటర్‌లో కాటు ఇప్పటికే కుదిరి ఉన్నవారికి.

ఆరు నెలలు ధరించిన ముక్కలను స్కాన్ చేసేందుకు ఆరుగురిలో నలుగురు ఒప్పుకున్నారు. ఆ కొలతలు వచ్చాక దశ 8 కింద పట్టికగా చేరుస్తాము. అప్పటివరకు ప్రింటు ముక్కల మందాన్ని 2.3 మి.మీ.కన్నా తగ్గించడం లేదు.